ఎర్ర మందు

పేపర్లో నా ఫోటో పడిన రోజు పొద్దున నేను ఒక గాలిబుడగతో తంటాలు పడుతున్నాను.

తిరుపతిలో మా పరిశోధనశాలలో నా బల్ల మీద తపాలా బిళ్ళంత రబ్బరు ముక్క ఒకటి ఉండేది. అద్దంలా అవతలిది కనబడుతుంది. దాని లోపల తలవెంట్రుక మందాన కాలువలు ఉంటాయి. దాన్ని మేం చిప్ అంటాం. ఒక కాలువలో ఆల్కహాల్లో కరిగించిన కొవ్వు వస్తుంది, ఇంకో కాలువలో మందు కలిపిన నీళ్ళు వస్తాయి. రెండూ తగిలే చోట కొవ్వు తనంతట తాను సంచులుగా ముడుచుకుని మందును లోపల పట్టుకుంటుంది. ఆ సంచులు మామూలు మైక్రోస్కోపుకు కూడా అందనంత చిన్నవి. వాటిని తయారుచేయడం, అన్నీ ఒకే సైజులో వచ్చేలా చూడటం, ఇదీ నా ఉద్యోగం. కాలువలో ఒక్క బుడగ ఇరుక్కుంటే ఆ పూట పని పోయినట్టే.

సంచిలో పెట్టే మందు కొత్తదేం కాదు. రొమ్ము క్యాన్సరుకు డాక్టర్లు ఏళ్ళ తరబడి వాడుతున్నదే. మంచి మందే గానీ గడ్డతో పాటు గుండెనూ, జుట్టునూ, కడుపునూ కూడా పట్టుకుంటుంది. సంచిలో కట్టి పంపితే దారిలో ఎవరి జోలికీ పోకుండా గడ్డ దగ్గర దిగుతుందని ఆశ. అలాంటి సంచి మందు అంతకు ముందే బజారులో ఉంది. దానికన్నా చిన్నవి, దానికన్నా సమానమైనవి చేయగలమా అన్నది మా ప్రశ్న. ఎలుకల్లో జవాబు బాగానే వచ్చింది. ఆ సంగతి ఎక్కడో విని విలేఖరి ఒకాయన వచ్చాడు. చాలాసేపు కూర్చోబెట్టి చెప్పాను. ఎలుకల్లో మాత్రమే అని రెండుసార్లు చెప్పాను.

బుడగను బయటికి తోసే ప్రయత్నంలో ఉండగా నాయన ఫోన్ చేశాడు. ఆయన చిత్తూరులో బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున బస్టాండుకు పోయి, అక్కడే కాఫీ తాగి, అక్కడే పేపరు చదివి వస్తాడు.

"పాపా, పేపరు సూసినావా?"

"లేదు నాయనా. ఏముండాది?"

"నీ ఫోటో పడిండాది. క్యాన్సరుకు మన చిత్తూరు పాప మందు కనిపెట్టిందని రాసినారు. కోత లేకుండా, జుట్టు ఊడకుండా నయమైతాదంట. ఈడ అందరూ సూస్తా ఉండారు."

"నాయనా, అది ఎలకలకే ఇచ్చినాం. మనుషులకు ఇంకా ఇయ్యలేదు."

అవతల ఆయన పేపరు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "ఎలకల సంగతి యాడుండాది? ఆ... ఉండాది, ఉండాది. కడాన, సన్న అక్షరాల్లో ఉండాది," అన్నాడు.

నాయనకు నా పని గురించి తెలియక కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంత సన్నటి కాలువలో రెండు ద్రవాలు కలగాపులగం కావనీ, పక్కపక్కనే బుద్ధిగా పోతాయనీ, అంచుల దగ్గర మాత్రం ఒకదాంట్లోకి ఒకటి మెల్లగా జారుకుంటాయనీ చెప్పాను. "అట్లయితే కొండమీద క్యూలైను మాదిరి. కమ్మీల మధ్యన పడినోడు పక్క లైనులోకి దూకలేడు గదా," అన్నాడు. అప్పటి నుంచి క్లాసులో నేను ఆ మాటే చెబుతున్నాను. తిరుపతిలో చదివే పిల్లలకు అంతకన్నా తేలిగ్గా అర్థమయ్యే పోలిక నాకు దొరకలేదు.

పేపర్లో ఆ వార్త పడ్డాక వారం రోజులూ ఫోన్లు వచ్చాయి. పీలేరు నుంచి, మదనపల్లె నుంచి, కోలారు నుంచి కూడా. అందరికీ ఒకే జవాబు చెప్పాను. కొందరు థ్యాంక్స్ చెప్పి పెట్టేశారు, కొందరు ఇంకా ఏదో దాస్తున్నానని అనుకున్నారు. విలేఖరికి ఫోన్ చేస్తే, సవరణ వేస్తామన్నాడు. వేశారో లేదో నేను చూడలేదు. పని ఎక్కువై మర్చిపోయాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, వాచ్‌మన్ ఫోన్ చేసి, చిత్తూరు నుంచి మొగుడూ పెళ్ళాం వచ్చారనీ, ఎంత చెప్పినా పోవడం లేదనీ చెప్పాడు. కిందికి దిగాను.

ఆయన మామిడి తోటల రైతు. చిత్తూరు దగ్గరి పల్లెటూరు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. ఆమె నలభై అయిదేళ్ళ మనిషి, నిటారుగా, ఎముక గట్టిది, జడలో కనకాంబరాలు. ఆసుపత్రి కాగితాల సంచి ఆయన చేతిలో కాక ఆమె చేతిలోనే ఉంది.

"మేము కండక్టరన్న బస్సులో తిరిగినోళ్ళమే పాపా," అన్నాడాయన. "నువ్వు స్కూలు డ్రస్సులో డ్రైవరు పక్క సీట్లో కూసోనుంటివి. గురుతుండాది. అన్నే చెప్పినాడు నువ్వు ఈడుండావని."

పైకి తీసుకెళ్ళి కుర్చీలు వేశాను. కాగితాలు చూశాను. నేను డాక్టరును కాను, కానీ ఆ కాగితాలు చదవడం వచ్చు. కుడి రొమ్ములో గడ్డ. చంకలోకి కూడా పాకి ఉండవచ్చని స్కాన్ చేసినవాళ్ళు రాశారు. ఆపరేషన్ చేయాలని డాక్టరు రాసి, ఒక తేదీ వేశారు. ఆ తేదీ దాటిపోయి చాలా రోజులైంది.

"ఆపరేషన్ కాలేదా?" అని అడిగాను.

"నీ మందు వచ్చేదాకా ఆగుతామని చెప్పేసి వచ్చినాం," అన్నాడాయన. "ఎన్నాళ్ళు ఆగాలో నువ్వు చెప్పు. ఆగుతాం. ఈమె కోతొద్దంటా ఉండాది."

మాటలు వెతుక్కుని, అది ఎలుకల మందనీ, మనుషులకు ఇవ్వాలంటే ఇంకా ఎన్నో పరీక్షలు కావాలనీ, అసలు మనుషుల దాకా వస్తుందో రాదో ఎవరికీ తెలియదనీ చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నాడు. ఆమె నా మొహంలోకే చూస్తూ వింది. నేను చెప్పడం అయిపోయాక మొదటిసారి నోరు విప్పింది.

"ఎలకలకు ఇచ్చినోళ్ళు మనుషులకియ్యరాదా? నన్ను కూడా ఒక ఎలకనుకో పాపా."

ఉన్నదున్నట్టు చెప్పడం ఒక్కటే నాకు తోచింది. "అక్కా, గడ్డ తగ్గిన ఎలకల్ని మేమేం జేస్తామో తెలుసునా?" అని అడిగాను.

"ఏం జేస్తారు?"

"సంపేస్తాం."

"బాగైనంక కూడానా?"

"బాగైనంకే. లోపల ఏమైందో కోసి సూడాల గదా. గుండె ఎట్లుండాది, కాలేయం ఎట్లుండాది అని. ఆ మందు తాకినంక ఏడాది బతికిన ఎలక ఒక్కటి కూడా నా తావ లేదు. బతుకుతాదో లేదో నాకు తెలవదు."

ఆమె నవ్వింది. పెద్దగానే నవ్వింది, పక్కగదిలోంచి విద్యార్థులు తొంగి చూసేంతగా.

"అయితే నాకొద్దులే నీ మందు," అంది.

ఆయనకు నవ్వు రాలేదు. టీ తాగి వస్తానని కిందికి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక ఆమె కుర్చీ కొంచెం నా వైపు జరుపుకుంది. కోత వద్దనడానికి కారణం అప్పుడు చెప్పింది. నేను అనుకున్నదేదీ కాదది.

"మా పెద్దక్కకు ఇదే రోగం. కోసినారు. మూడేండ్లు బతికింది. ఆ మూడేండ్లూ చెయ్యి ఇంతలావు వాసిపొయ్యి, సంగటి గిన్నె దించలేకపొయ్యింది. తోట కాడ కూసోని అందరి మొగాలూ సూస్తా ఉండె. బుట్ట ఎత్తలేనిది తోటలో ఏం జేస్తాది? నాకు సావంటే బయం లేదు పాపా. అట్ల కూసునేది నావల్ల కాదు."

చంకలోని గ్రంథులు తీసేస్తే చెయ్యి వాచే అవకాశం ఉందని నాకూ తెలుసు. అందరికీ వాచదని కూడా తెలుసు. ఆ రెండూ చెప్పాను. ఆయన పైకి వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి అడిగాడు.

"పాపా, మీ సొంత అక్కకైతే ఏం చెప్తావు?"

"కోయించుకోమంటా. ఈ వారమే కోయించుకోమంటా," అన్నాను.

నాకు అక్క లేదు. అయినా ఆ జవాబులో నాకు సందేహం లేదు.

తిరుపతిలోనే ఉన్న వాళ్ళ డాక్టరు దగ్గరికి వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. ఆ డాక్టరమ్మ వాళ్ళు ఎందుకు ఆగిపోయారో అడిగి, సంగతి విని, నా వైపు ఒకసారి చూసింది. కోత తర్వాత తన చెయ్యి వాస్తుందా అని రైతు భార్య సూటిగా అడిగింది. "వాయొచ్చు. అందరికీ వాయదు. మీకు వాయదని మాత్రం మాటివ్వలేను," అంది డాక్టరమ్మ. ఆ మాట ఆమెకు నచ్చినట్టుంది. బయటికి వచ్చాక, "ఈమె అబద్దం చెప్పేది కాదు," అని కాగితాల సంచి మొగుడి చేతికిచ్చింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. నాయన చిత్తూరు నుంచి మొబ్బుతోనే, ఇంకా తెల్లారకముందే బయల్దేరి వచ్చి, వరండాలో ఆమె మొగుడి పక్కన కూర్చున్నాడు. అక్కడ ఎవరో నాయనను గుర్తుపట్టి, పేపర్లో వచ్చింది మీ అమ్మాయే కదా, ఆ మందు ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

"అది ఎలకలకప్పా," అన్నాడు నాయన. "మనుషులకు కాదు. డాక్టరు ఏం చెప్తే అది జెయ్యండి."

అప్పటి నుంచి చిత్తూరు బస్టాండులో ఎవరు అడిగినా ఆయన ఇదే మాట చెబుతూ వచ్చాడు. ఆ మాట చెప్పడంలో ఆయనకు ఏ చిన్నతనమూ ఉన్నట్టు కనబడలేదు. టికెట్ తీసుకున్నవాడికి, ఈ బస్సు మీ ఊరికి పోదు, అవతలి బస్సెక్కు అని చెప్పినంత మామూలుగా చెప్పేవాడు.

గాయం మానాక కీమో మొదలైంది. మొదటి రోజు నన్ను రమ్మని ఆమే ఫోన్ చేసింది. పెద్ద గది, వరసగా కుర్చీలు, ప్రతి కుర్చీ పక్కనా ఒక స్టాండు. ముందు సెలైన్, తర్వాత వాంతులు రాకుండా ఇంజెక్షన్. కాసేపటికి నర్సు ఒక లావుపాటి సిరంజి పట్టుకుని వచ్చింది. అందులో మందు ఎర్రగా ఉంది. దానిమ్మ రసం రంగు.

ఆ రంగు నాకు తెలుసు. ఎన్నో ఏళ్ళుగా నేను దానితోనే పనిచేస్తున్నాను. రెండు జతల గ్లవుజులు వేసుకుని, గాలి పీల్చే గాజు అర ముందు కూర్చుని, పొడిని తూచి కరిగించేదాన్ని. నా కాలువల్లో అది పోయేటప్పుడు, సన్నదనం వల్ల రంగు కూడా సరిగా తెలిసేది కాదు, ఎక్కడో లేత గులాబీ గీతలాగా ఉండేది. ఇంత మందు ఒక్కచోట చూడటం, అది ఒక మనిషి నరంలోకి పోవడం చూడటం, అదే మొదటిసారి. నర్సు ఒకచేత్తో సిరంజిని మెల్లగా నొక్కుతూ, రెండోచేత్తో సెలైన్ చుక్కలు సరిచేస్తూ, రెప్ప వేయకుండా నరం వైపే చూస్తోంది. మందు నరం బయటికి పోతే కండ కాలిపోతుంది.

"ఇదేనా నీ మందు?" అని అడిగింది ఆమె.

"ఇదే అక్కా. నా సంచులు లేకుండా."

"సంచుల్లో పెడితే ఏమైతాది?"

"గుండెకు తగలకుండా, జుట్టుకు తగలకుండా, గడ్డ కాడికి పోతాదని ఆశ."

"ఆశేనా?"

"ఇప్పటికైతే ఆశే."

"ఊ," అంది. కళ్ళు మూసుకుంది. సిరంజి ఖాళీ అయ్యేదాకా నేను కదల్లేదు. ఆ రోజు ల్యాబుకు తిరిగి వచ్చి కూర్చున్నాను గానీ పని సాగలేదు. ఎందుకు సాగలేదో నాకు పూర్తిగా తెలియదు. బాధ అనడానికి వీల్లేదు. ఒక ఊరి మ్యాపును ఏళ్ళ తరబడి గీసిన మనిషి మొదటిసారి ఆ ఊళ్ళో బస్సు దిగినట్టుగా ఉంది.

ఆమె జుట్టు ఊడింది. మామిడి కోతల కాలం కావడంతో తోటలో ఆడవాళ్ళందరూ తలకు తువ్వాలు కట్టుకునే తిరుగుతారు. అందువల్ల చాలామందికి తెలియనే లేదని తర్వాత చెప్పింది.

మూడో విడతకో, నాలుగో విడతకో మరి, మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని పెరుగన్నం తింటోందట. ఊరి నుంచి ఆటోలో రోడ్డుకు, రోడ్డు నుంచి చిత్తూరుకు, చిత్తూరు నుంచి బస్సులో తిరుపతికి వచ్చింది. రక్తం ఇచ్చి కూర్చుంది. తెల్లకణాలు తక్కువగా ఉన్నాయి, ఇప్పుడు మందు ఇస్తే వేరే జబ్బులు సోకుతాయి, ఈ వారం కుదరదు, వచ్చే వారం రమ్మని చెప్పారు.

"ఇట్ల అయ్యేది ఇది రెండోతూరి. ఆ తెల్లకణాలేందో మా ఊరి కాడే సూసేదానికి కాదా? ఈడిదాకా వచ్చి లేదనిపించుకోని పోవాల్నా?" అని అడిగింది.

"దానికి పెద్ద మిషన్ కావాలక్కా. ఊర్లో ఉండదు," అన్నాను.

"అట్లనా," అని పెట్టేసింది. నేను మళ్ళీ నా సంచుల్లో పడ్డాను. అప్పట్లో నాకు ఆ ప్రశ్న ఒక ప్రశ్నలాగా వినబడలేదు. అలసిపోయిన మనిషి విసుగులాగా వినబడింది.

విడతలన్నీ పూర్తయ్యాయి. తర్వాత రేడియేషన్. స్కాన్లో ఏమీ లేదన్నారు. ఆమె మొగుడు కొండకు నడిచి వెళ్ళి గుండు చేయించుకుని, తిరుగుదారిలో మా ల్యాబుకు వచ్చి లడ్డు ఇచ్చి వెళ్ళాడు.

ఆ తర్వాతి రెండేళ్ళూ నా పని మెల్లగా మూలపడింది. హైదరాబాదు నుంచి ఒక మందుల కంపెనీ వాళ్ళు వచ్చి చూసి, ఎలుకలకు చాలినంత కాదు, బకెట్ల లెక్కన చేయగలరా అని అడిగారు. ఒక్క చిప్ నుంచి రోజంతా వచ్చేది మందు సీసా మూతంత. అందుకని చిప్పులు పక్కపక్కనే పేర్చి ఒకేసారి నడిపించాం. ఒక్కొక్క చిప్ విడిగా బుద్ధిగా ఉండేది. అన్నీ కలిపితే ఒకదాంట్లో వేగం ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. సంచులు చిన్నవీ పెద్దవీ కలిసిపోయేవి. వానాకాలంలో ఒక రకం తప్పు, ఎండాకాలంలో ఇంకో రకం. విద్యార్థులు ఇద్దరు ఆ పని మీదే డాక్టరేట్లు పూర్తిచేసి ఉద్యోగాలకు వెళ్ళారు. ఈలోగా వేరే దేశంలో ఒక బృందం వేరే పద్ధతిలో ఇదే పని మాకన్నా బాగా చేసింది. కంపెనీ వాళ్ళు ఫోన్లు చేయడం మానేశారు. మేం రాసిన వ్యాసాలను ఇప్పటికీ ఎవరెవరో ఉదహరిస్తూనే ఉన్నారు. మందు మాత్రం మనుషుల దాకా రాలేదు.

అది అవమానమని నేను అనుకోలేదు. పరిశోధనలో చాలా పనులు ఇలాగే ముగుస్తాయి. ఒకరోజు పొద్దున నిద్ర లేచి, ఇంక దాన్ని ఆపేస్తున్నానని తెలిసింది, అంతే. ఆ రోజు ఇడ్లీలోకి ఊరిబిండి పచ్చడి నూరుకున్నాను. రుచి చూసి ఉప్పు సరిచేసుకున్నాను. అంతకన్నా ఏమీ గుర్తులేదు.

ఆ ఎండాకాలమే నాయన, నేను ఆ మొగుడూ పెళ్ళాల మామిడి తోటకు వెళ్ళాం. కోతలు జోరుగా ఉన్నాయి. బెంగుళూరా మామిడికాయలు గుజ్జు ఫ్యాక్టరీకి పోవడానికి ట్రాక్టర్లో నింపుతున్నారు. ఆమె పాక కింద గోనెపట్టా మీద కూర్చుని కాయలు ఏరుతోంది. జుట్టు మళ్ళీ వచ్చింది, భుజాలదాకా, ఉంగరాలుగా. నన్ను చూసి పలకరింపుగా నవ్వలేదు. కుడిచెయ్యి నా వైపు చాచింది. మోచేయి నుంచి వేళ్ళదాకా వాచి, చర్మం బిగుసుకుపోయి మెరుస్తోంది.

"ఇదో, సూడు. నేను చెప్పినట్లే అయ్యిందా లేదా?"

"అయ్యిందక్కా."

"కోయించుకోమన్నావు."

"అన్నాను."

"గమ్మునుండు మే," అన్నాడాయన ట్రాక్టరు దగ్గర నుంచి. "పాణం నిలిచింది గదా."

"పాణం నిలిచింది, కాదనలా," అంది ఆమె. "చెయ్యి పొయ్యింది. అదీ కాదనగూడదు గదా?"

కాయలు ఏరేవాళ్ళంతా చేతులాపి చూస్తున్నారు. నాయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. నేను ఆమె పక్కన పట్టా మీద కూర్చున్నాను. చెయ్యి వాపు తగ్గడానికి కట్టే పట్టీ గురించి, రోజూ చేయాల్సిన కసరత్తు గురించి అడిగాను. పట్టీ కట్టుకుంటే ఎండకు చెయ్యి ఉడికిపోతోందట. కసరత్తు చేస్తోందట. పద్ధతి ప్రకారం అన్నీ చేస్తోంది. అయినా వాచింది. నేనూ కాయలు ఏరడం మొదలుపెట్టాను. దెబ్బ తిన్నవి ఒకవైపు, మంచివి ఒకవైపు. సాయంత్రం దాకా ఏరుతూనే ఉన్నాం. వచ్చేటప్పుడు ఆమె ఎడమచేత్తోనే బేనీషా మామిడికాయలు సంచిలో వేసి నాయనకు ఇచ్చింది.

బస్సులో నాయన అన్నాడు, "నువ్వు చెప్పింది తప్పు కాదు. ఆయమ్మకు వచ్చిన కోపమూ తప్పు కాదు."

ఆ సంవత్సరమంతా ఆమె నాకు ఫోన్ చేయలేదు. నేను ఒకటి రెండుసార్లు చేస్తే ఆమె మొగుడు మాట్లాడాడు.

చేతిలో పని లేని ఆ రోజుల్లో, పాత చిప్పుల పెట్టె సర్దుతుంటే, ఆసుపత్రి మెట్ల మీద నుంచి ఆమె అడిగిన తెల్లకణాల సంగతి నా మనసులోకి వచ్చింది. కాలువలు చెయ్యడం తెలుసు. వాటిలో ద్రవాన్ని నడిపించడం తెలుసు. సంచుల్ని తయారుచేయడానికి బదులు, కణాల్ని ఒకదాని వెనుక ఒకటి నడిపించి లెక్కపెట్టవచ్చు. వేలి నుంచి ఒక చుక్క రక్తం చాలు. ముందు ఒక ద్రవం కలిపితే ఎర్రకణాలు పగిలిపోతాయి, తెల్లవి మిగులుతాయి. మిగిలినవాటిని సన్నటి సందులోంచి పంపితే, ఒక్కొక్కటి దాటినప్పుడల్లా వెలుతురు ముందు చిన్న నీడ పడుతుంది. ఆ నీడల్ని లెక్కపెట్టాలి. ఇది నేను కనిపెట్టింది కాదు, ప్రపంచంలో చాలామంది చేస్తున్నారు. చిత్తూరు ఎండలో, కరెంటు వచ్చిపోయే చోట, నర్సు చేతిలో పనిచేసేది కావాలి. అది మాత్రం ఎవరూ నాకు చేసిపెట్టరు.

మొదట్లోనే, చిప్‌ను చెయ్యడం వేరు, అది పనిచెయ్యడం వేరు అని తెలిసొచ్చింది. రక్తం నీళ్ళలాంటిది కాదు. కాసేపు ఆలస్యమైతే గడ్డకడుతుంది. ఎండకు అంచులు ఆరి కాలువ మూసుకుపోతుంది. ఏసీ గదిలో బాగా పనిచేసిన చిప్‌ను వరండాలోకి తెస్తే మొరాయించేది. ద్రవం మార్చాం, కాలువ వెడల్పు మార్చాం, పైన తడి గుడ్డ వేసే డబ్బా ఒకటి చేశాం. ఆ తడి గుడ్డ సలహా, మంచినీళ్ళ కుండ మీద వేసినట్టు వెయ్యరాదా అని మా విద్యార్థిని ఒకమ్మాయి ఇచ్చింది.

మనుషుల రక్తంతో చూడటానికి ఆసుపత్రి నైతిక కమిటీ అనుమతి వచ్చాక, ఇష్టపడి ఇచ్చేవాళ్ళు కావాల్సి వచ్చింది. కీమోలో ఉన్నవాళ్ళు కొందరు, పూర్తయినవాళ్ళు కొందరు. నేను ఆమెను అడగలేదు. ఎవరు చెప్పారో, ఆమే వచ్చింది. వాచిన చేతికి పట్టీ కట్టి ఉంది. ఎడమచెయ్యి చాచి కూర్చుంది.

"మా పక్కింటి ఆయమ్మకు కూడా ఇదే రోగం వచ్చిండాది. రెండు తూర్లు తిరుపతికొచ్చి తిరిగిపొయ్యింది," అంది. "ఆ కణాలు సూసే మిషనేదో చేస్తా ఉండావంట గదా. గుచ్చు."

గుచ్చాను. చుక్కను చిప్ మీద పెట్టాను. తెర మీద నీడలు ఒకటొకటిగా పోవడం ఆమె వంగి చూసింది. లెక్క వచ్చింది. అదే రోజు ఆసుపత్రి మిషన్లో వచ్చిన లెక్కకూ దీనికీ చాలా తేడా ఉంది.

"ఏది నిజం?" అని అడిగింది.

"ఆసుపత్రిదే నిజం. నాది తప్పు."

"ఇంగోతూరి గుచ్చుతావా?"

"ఈరోజు వద్దక్కా. తప్పు యాడుండాదో ముందు వెతకాల."

"వెతుకు. పిలువు, వస్తా," అంది. చెయ్యి సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వెతికితే, ఎర్రకణాలు పగలడానికి కలిపే ద్రవంలోనే తప్పు ఉంది, అది కొన్ని తెల్లకణాల్ని కూడా పగలగొట్టేస్తోంది. అది దిద్దడానికి చాలా కాలం పట్టింది. ఆమె ఆ మధ్యలో చాలాసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా వేలు చాచి, తర్వాత మా క్యాంటీనులో దోసె తిని, దోసె బాగాలేదని చెప్పి, బస్సెక్కేది.

ఇప్పుడు ఆ పరికరం నాలుగైదు చిన్న ఆసుపత్రుల్లో పరీక్ష కింద నడుస్తోంది. ఇంకా దాన్ని నమ్మి ఎవరికీ మందు ఆపకూడదు, ఇవ్వకూడదు. అది చెప్పిన లెక్కను మామూలు మిషన్ లెక్కతో పోల్చి చూడటం వరకే. మామూలు మిషన్ ఉన్న చోటే అందుకు వీలవుతుంది కాబట్టి, అది లేని ఊళ్ళవాళ్ళకు తిరుపతి దాకా రావాల్సిన అవసరం ఇంకా తప్పలేదు. లెక్కలు ఎక్కువసార్లు కలుస్తున్నాయి. కలవనప్పుడు ఎందుకు కలవలేదో వెతుకుతున్నాం.

పోయిన నెల సత్యవేడు వెళ్ళాను. అక్కడి ఆసుపత్రిలో ఒక గది మూల మా పరికరం ఉంది, పక్కనే ఆసుపత్రి వాళ్ళ సొంత మిషన్. నర్సు ఒక పెద్దాయన వేలు గుచ్చింది. వేరుశనగ రైతు. మరుసటి రోజు తిరుపతిలో ఆయనకు కీమో ఉంది. మా పరికరం లెక్క తక్కువ చూపించింది. నరం నుంచి తీసిన రక్తంతో వాళ్ళ మిషన్ కూడా తక్కువే చూపించింది. డాక్టరు తిరుపతికి ఫోన్ చేసి, తమ మిషన్ లెక్క చెప్పి మాట్లాడి, ఈ వారం పోనక్కరలేదని ఆయనకు చెప్పాడు.

నేను ఆ పెద్దాయన మొహం చూశాను. ఊరట ఏమైనా కనబడుతుందేమోనని. ఆయన విసుగ్గా తల గోక్కున్నాడు.

"రేపు పొయ్యేది లేదా? రేపటికని చొక్కా ఇస్త్రీ చేయించుకోనుంటినే," అన్నాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు లేచాడు. "అయితే మ్మా, ఊత్తుకోట బస్సు ఎప్పుడుండాది? ఆడ నా బోరు మోటరు రిపేరుకిచ్చిండా. రేపు కాళీనే గదా, పొయ్యి తెచ్చుకుంటా."

నర్సు టైము చెప్పింది. ఆయన చెప్పులేసుకుని, వేలికి అంటించిన దూదిని గోడవార పారేసి, బస్టాండు వైపు నడిచాడు. నేను డబ్బా తెరిచి, తడి గుడ్డ ఆరిపోయి ఉంటే మళ్ళీ తడిపి, తర్వాతి మనిషిని రమ్మని చెప్పాను.